ఫోన్‌లో చూసుకున్న కారు

తాళం మీద బటన్ నొక్కితే కారు పలకలేదు. మళ్ళీ నొక్కాను. లైట్లు వెలగలేదు. టైము ఆరు యాభై. ఎనిమిదిన్నరకు బాచుపల్లి కాలేజీలో గేటు మూసేస్తారు. మా చెల్లి ఎంట్రన్స్ పరీక్ష అక్కడే. పోయినేడు సీటు రాక, సంవత్సరమంతా కోచింగ్‌లో కూర్చుని మళ్ళీ రాస్తోంది. మూడోసారి రాయనని ముందే చెప్పేసింది. "క్యాబ్ గీబ్ ఏం వద్దు, నేనే దింపుతా" అని పంతం పట్టింది నేనే.

తాళంచెవితోనే తలుపు తీసి, లోపల కూర్చుని కీ తిప్పాను. టిక్ టిక్‌మంది. ఇంకోసారి తిప్పితే అదీ లేదు.

"ఏమైందక్కా?"

"నోరు మూస్కో జర!"

అరిచాక దాని మొహం చూశాను. హాల్ టికెట్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌ని రెండు చేతులతో గుండెకు అదుముకుని నిలబడింది.

బయట వాన. ఫోన్‌లో క్యాబ్ బుక్ చేశాను. మొదటి డ్రైవర్ "యాడికి మేడం?" అని అడిగి, బాచుపల్లి అనగానే క్యాన్సిల్ చేశాడు. రెండోవాడు ఫోన్ ఎత్తలేదు. మూడో బండి పన్నెండు నిమిషాల్లో వస్తానని చూపించి ఆ పన్నెండు దగ్గరే ఆగిపోయింది.

ఆ కారు అసలు నెలకోసారి కూడా కదిలేది కాదు. మణికొండ నుంచి ఆఫీసుకు నేను కంపెనీ బస్సులోనే పోతాను. రెండు నెలల కింద ఎడమ తలుపు మీద ఒక గీత కనిపించింది. ఆ పక్క పార్కింగ్ మా ఎదురు ఫ్లాట్ పెద్దాయనది. కాకినాడ వైపు మనిషి, కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. "మా బండి తగల్లేదమ్మా" అన్నాడు. నేను నమ్మలేదు. మర్నాడే కారుకి కెమెరా పెట్టించాను. ఇంజన్ ఆపినా పనిచేసేలా, ఎక్కడినుంచైనా ఫోన్‌లో లైవ్ కనిపించేలా. బస్సులో చూసేదాన్ని, మీటింగులో చూసేదాన్ని, పళ్ళు తోముకుంటూ చూసేదాన్ని. కదలని కారుని అన్నిసార్లు చూసినవాళ్ళు ఇంకొకరుండరు.

రెండు రోజుల కింద లైవ్ రావడం ఆగిపోయింది. ఆఫీసు నుంచే అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను: "నా కెమెరా బంద్ చేసినోళ్ళు దమ్ముంటే ముందుకు రండి." పేరు రాయలేదు కానీ అందరికీ అర్థమైంది. ఆయన ఒక్క దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. నేను కిందికి దిగి కారు చూడనైనా చూడలేదు.

"అక్కా, ఎదురింటి అంకుల్ దగ్గర జంపర్ కేబుల్ ఉంది, వేరే బండి బ్యాటరీతోని స్టార్ట్ చేసేది. మొన్న నీళ్ళ ట్యాంకరోళ్ళకు ఇచ్చిండు."

"ఆయన్ను నేనడగ."

"నువ్వు అడగకు. నేనే పోత."

మెట్ల మీద పరుగెత్తింది. దాని వెనకే నేను. ఆయన తలుపు తీశాడు. లుంగీ, చేతిలో పేపర్.

"ఏమ్మా, ఈసారి ఏం పోయిందండీ?"

నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచేలోపే చెల్లి కవర్ చూపించింది. "కారు స్టార్ట్ అయితలేదంకుల్. ఎనిమిదిన్నరకు గేట్ బంద్."

ఆయన పేపర్ పక్కన పడేశాడు.

కింద బానెట్ ఎత్తగానే బ్యాటరీ దగ్గరికి వంగి ఆగాడు. "ఈ వైరు నేరుగా దీనికే కలిపేశారా? కెమెరాదేనా?"

"అవును."

"అక్క రోజుకు ముప్పై సార్లు చూస్తది" అంది చెల్లి.

"అదీ సంగతి! బండి నడిస్తేనే కదమ్మా బ్యాటరీ నిండేది. మీరు చూసినప్పుడల్లా అది లేచి ఇంత తాగుతుంది. దీన్ని బంద్ చేసింది మీరేనండీ."

వైరు పీకేశాడు. టైము చూశాను. ఏడు పది.

తన బండి స్టార్ట్ చేయడానికి కుడి తలుపు దగ్గరికి పోలేదు. చుట్టూ తిరిగి ఎడమవైపు నుంచి ఎక్కి, మోకాలు పట్టుకుని, మూలుగుతూ డ్రైవర్ సీట్లోకి జరిగాడు. అప్పుడు కింద చూశాను. నా టైరు తెల్ల లైను దాటి ఆయన వైపు జానెడు లోపలుంది. నా కుడిపక్క పిల్లర్ ఉంది. దిగడానికి ఇరుకని ఎప్పుడూ అలాగే పెట్టేదాన్ని. ఆయన అలా పాకడం లైవ్‌లో ఎన్నోసార్లు చూశాను. ఏదో దొంగపని చేస్తున్నాడనే అనుకున్నాను.

కేబుల్ తగిలించాక ఐదు నిమిషాలు ఆగమన్నాడు. చెల్లి గోళ్ళు కొరుకుతోంది. ఏడు పదిహేడుకి కీ తిప్పాను. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది.

"దారిలో ఎక్కడా ఆపకండి. ఆగితే మళ్ళీ లేవదు. పాపని దింపాక కూడా గంటసేపు తిప్పండి."

గచ్చిబౌలిలో నీళ్ళు నిలిచాయి. బండి ఆగిపోతుందేమోనని వైపర్లు తప్ప అన్నీ ఆపేశాను, ఏసీ, పాటలు, ఛార్జర్. ఫోన్ మూడు శాతం దగ్గర ఉంది. మియాపూర్‌లో ముందు ఆటోవాడిని కిటికీ దించి తిట్టాను. "అక్కా, తిట్టుడు ఆపి నడుపు" అంది చెల్లి. ఎనిమిది ఇరవై ఆరుకు గేటు. చెల్లి కారులోంచి దూకి పరుగెత్తింది. గేటు ఒక రెక్క అప్పటికే మూసి ఉంది. రెండోదానిలోంచి లోపలికి పోయింది.

నేను ఇంజన్ ఆపకుండా ప్రగతి నగర్ చెరువు చుట్టూ తిరిగాను. ఫోన్ ఎప్పుడు ఆరిపోయిందో చూసుకోలేదు.

మధ్యాహ్నం పరీక్ష నుంచి చెల్లిని ఎక్కించుకుని ఇల్లు చేరాక మూడుసార్లు వెనక్కీ ముందుకీ చేస్తే గానీ టైరు లైను లోపలికి రాలేదు. నా తలుపు పిల్లర్‌కి కొట్టుకుని బెత్తెడే తెరుచుకుంది. చెల్లి ఎడమవైపు దిగింది. నేను గేరు రాడ్ మీదుగా, చున్నీ ఎక్కడో ఇరుక్కుని, పాకుతూ దాని సీట్లోకి వచ్చాను. అది ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది.

"గ్రూపుల పెట్టాలె ఇది."

"పెట్టు" అన్నాను. "కింద సారీ అంకుల్ అని కూడా రాయి."

"అది నువ్వే రాయాలె."

గీత ఎవరు గీశారో ఇప్పటికీ తెలియదు. ఛార్జర్ పెట్టి, ఫోన్ వెలిగేదాకా ఆగి, రాశాను.