అతుకు కనబడని పాఠం

మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్కల మేడం నిన్న స్టాఫ్‌రూములో రెండు చీరలు కుర్చీ మీద పరిచి, వీడియో పాఠానికి ఏది కట్టుకోవాలో చెప్పమంది. ఒకటి సన్నగళ్ళది, ఇంకొకటి చిలకపచ్చ. రెండూ వద్దన్నాను. సన్నగళ్ళు తెర మీద చీమలు పాకినట్టు కదులుతాయి. పచ్చది కడితే వెనకాల వేలాడదీసిన పచ్చగుడ్డతో పాటు మనిషీ మాయమై, తల ఒక్కటే గాల్లో నిలబడి పాఠం చెబుతుంది. గాజులు తీసెయ్యాలి, మైకు వాటి చప్పుడునే ముందు పట్టుకుంటుంది. తలకు నూనె వద్దు, తెల్లచీర అసలే వద్దు. నేనిలా ఏకరువు పెడుతుంటే ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసి, "గివన్నీ మీకెట్ల తెలుసు మేడం? మీరు గూడ వీడియోలు జేసిన్రా?" అంది. చేశానని చెప్పి, క్లాసుందన్న వంకతో బయటికొచ్చేశాను. నిజానికి ఆ గంట నాకు క్లాసు లేదు.

నాకు తెలిసినవన్నీ మా అక్కను చూసి నేర్చుకున్నవే. మా పుట్టిల్లు మేడ్చల్, అక్కను ఇచ్చింది శామీర్‌పేట. ఇద్దరం జంతుశాస్త్రమే చెప్పేవాళ్ళం. ముఖాలూ గొంతులూ ఎంత కలిసేవంటే, మా బావ ఫోనులో నాతో పెరుగు తోడుపెట్టమని చెప్పి పెట్టేసిన రోజులున్నాయి. దూలపల్లిలో ఒక పాత రేకుల షెడ్డును స్టూడియోగా మార్చినవాళ్ళు ఇంటర్ పిల్లలకు వీడియో పాఠాలు చెప్పడానికి అక్కను పిలిచారు. గోడల నిండా నల్లటి స్పాంజి అంటించారు. అక్కడ మాట్లాడితే మన గొంతు మనకు తిరిగి రాదు, నోట్లోంచి వెళ్ళి ఎటో పోతుంది. క్లాసులో పులిలా ఉండే అక్క అక్కడ మొదటిరోజు పిల్లిలా అయిపోయింది. కెమెరా ఎర్రదీపం వెలగగానే కప్ప గుండెకు ఎన్ని గదులో కూడా మరిచిపోయిందట.

అక్కకు ధైర్యం తెచ్చింది లాల్‌గడి మలక్‌పేట్‌లో బ్యూటీపార్లర్ నడిపే ఒకావిడ. వారానికి మూడురోజులు స్టూడియోకొచ్చి అందరినీ తయారుచేసేది. మేమంతా ఆమెను, ఉర్దూలో అక్కా అన్నట్టు, ఆపా అనేవాళ్ళం. తాను బొట్టు పెట్టుకోదు గానీ, ఏ నుదుటికి ఎంత బొట్టు కావాలో ఆపాకు తెలిసినట్టు మా అమ్మకు కూడా తెలియదు. "బుగులు మొహం మీద ఉండది మేడం, గొంతు కాడ ఉంటది. గదుమ జర కిందికి దించుండ్రి, అదే దాసుకుంటది," అనేదట. గడ్డం దించితే గొంతులోని భయం కనబడదని. లైట్ల వెలుగు మెరుస్తుందని అక్క కళ్ళజోడుకు అద్దాలు తీయించి, ఉత్త ఫ్రేము పెట్టించింది కూడా ఆమే. నెల తిరక్కుండానే తెర మీద అక్క నిబ్బరం చూసి నాకు అసూయ పుట్టింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడను, పుట్టింది.

ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. పాఠం సగంలో ఆగితే, ఆ పాఠానికి కట్టిన చీరా రవికా ఇంటికి పోకూడదు. పాఠం పేరు రాసిన చీటీ గుచ్చి అక్కడే కొక్కేనికి తగిలించాలి, లేకపోతే రెండో సగంలో రంగు మారిపోతుందని. అక్క ఒకరోజు గుండె పాఠం సగం చెప్పి, నీలం చీర కొక్కేనికి తగిలించి, ఒళ్ళు వెచ్చగా ఉందని ఇంటికొచ్చింది. మూడోరోజుకు అక్క లేదు. పదకొండోరోజు అక్క చీరలన్నీ ఆనవాయితీ ప్రకారం చాకలామెకు ఇచ్చేశాం. దూలపల్లిలో వేలాడుతున్న చీర ఎవరికీ గుర్తు రాలేదు.

అక్క కూతురు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తల్లి పాఠాలు తప్ప ఎవరివీ వినేది కాదు. అక్క పోయాక పుస్తకం ముట్టలేదు, అన్నం కూడా మెతుకులు లెక్కపెట్టినట్టు తినేది. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. అలాంటప్పుడు స్టూడియోవాళ్ళు ఆ సగం పాఠాన్ని అక్కలాగే తయారై పూర్తిచేయమని నన్నడిగారు. తల్లి పాఠం నిండుగా కనిపిస్తే పిల్ల మళ్ళీ చదువులో పడుతుందని నేనూ బావా అనుకున్నాం. పిల్లకు ముందే చెప్పాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

ఆపా నాకు ఆ నీలం చీర కట్టింది. మడతల్లో ఇంకా అక్క పౌడరు వాసన ఉంది. జడ కుడిభుజం మీదికి తెచ్చి, అక్క ఫ్రేము నా ముక్కు మీద పెట్టి, బొట్టు దిద్ది, వెనక్కి జరిగి చూసింది. పౌడరు డబ్బాకు మూత పెట్టేసింది. "ఇగ సాలు మేడం. ఇంక జేస్తే మీరుండరు," అంది.

కెమెరా ఆయన తెర మీద అక్క చివరి బొమ్మను పలచగా పరిచి, దాని మీద నన్ను కూర్చోబెట్టాడు. భుజం మీద భుజం, బొట్టు మీద బొట్టు రావాలట. "జర ఎడమకు మేడం. ఇంకో జర." మొదట తెర మీద నాలుగు కళ్ళున్నాయి. నేను జరిగినకొద్దీ అవి దగ్గరికొచ్చి, చివరికి ఒక్క ముఖం మిగిలింది. నాకు భయమేసి రెప్పలు మూసి తెరిచాను. ఆయన ఆ ముక్క రికార్డు చేసి నాకు చూపించాడు. తెర మీద రెప్పలు వాలాయి, వాటి కింద ఇంకో జత కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. వద్దనిపించింది. అయినా ఆపా చెప్పినట్టు గదుమ దించి మొదలుపెట్టాను. ఒరవడి కలవాలని అక్క చెప్పిన చివరి నాలుగైదు వాక్యాలు నేనూ మళ్ళీ చెప్పాను. ఎక్కడ అతికిస్తాడో ఆయన ఇష్టం. గొంతు ఒక్కచోట కూడా తొట్రుపడలేదు. అంత ధైర్యం నాదేనా అని ఇంటికొచ్చాక కూడా అనుమానపడ్డాను.

ఆ ఆదివారం శామీర్‌పేట వెళ్ళేసరికి పిల్ల గేటు దాకా పరుగెత్తుకొచ్చింది. "చిన్నమ్మా, అమ్మ గుండె పాఠం మొత్తం చెప్పే పోయింది! జరమొచ్చినట్టుంది, గొంతు జర బొంగురువోయింది. ఒక్కపారి నన్నే సూసినట్టు గూడ సూసింది!" వెనకనుంచి బావ వద్దన్నట్టు తల ఊపాడు. వంటింట్లోకి పిలిచి, "ఇన్ని రోజులకు పొద్దుగాల కడుపునిండ తిన్నది. చెప్పకు," అన్నాడు. చెప్పకూడదనే అనుకున్నాను. పిల్ల నా పక్కన కూర్చుని, "తర్వాతి పాఠం గూడ జేసి పెట్టే ఉంటది గద?" అని అడిగింది. అప్పటికే స్టూడియోవాళ్ళు మిగిలిన పాఠాలకు కూడా అలాగే తయారై రమ్మని నాకు ఫోను చేసి ఉన్నారు. ఒప్పుకుంటే అక్కను ఇంకెన్ని పాఠాలు బతికించాలో, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడు చంపాలో ఆలోచించాను. ఆ రెండో సగం నేనేనని చెప్పేశాను.

పిల్ల ఏడవలేదు. ఫోను తీసి పాఠం పెట్టి, "అయితే అమ్మ ఎక్కడిదాంక ఉన్నది?" అంది. వేలు పెట్టి చూపిద్దామని ముందుకు వంగాను. తెలియలేదు. మళ్ళీ చూశాం. చెవి కమ్మలు చూశాం, వేళ్ళు చూశాం, జడ చూశాం. అక్క అనుకున్నచోట నేను, నేననుకున్నచోట అక్క. అతికించినాయనకు ఫోను చేస్తే, గుర్తు లేదన్నాడు. పని అయిపోయిందని అక్క సగాన్ని విడిగా ఉంచకుండా చెరిపేశారట. పిల్ల ఫోను బోర్లించి, నెమ్మదిగా, "అమ్మ ఆఖరి మాట ఏందో తెల్వకుంట జేసినవ్ గద చిన్నమ్మా," అంది.

తర్వాతి పాఠాలు నా చీర కట్టుకుని, నా ముఖంతోనే చెప్పాను. గొంతు వణికితే వణికిందని వదిలేశాను. పిల్ల అవి విని పరీక్ష రాసింది, మంచి మార్కులే వచ్చాయి. గుండె పాఠం మాత్రం పుస్తకంలో చదువుకుంది. పోయినవాళ్ళను కాలం చెరిపేస్తుందని నింద దాని మీద వేస్తాం గానీ, దానికి ఏళ్ళు పట్టే పని నేను ఒక్క మధ్యాహ్నంలో చేసేశాను.