గింజల్లేని చేట

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు నిండిన ఏడాది, మాఘమాసంలో ఒక మంగళవారం. ఆలూరుకు పోయే పది గంటల బస్సు మా ఊరి ముందు అప్పుడే కదిలింది. దాని దుమ్ము అణగకముందే మా చిన్నాయన తాను చేసుకున్న విమానంలో పైకి లేచాడు.

దాన్ని మూడేళ్లపాటు మా పశువుల కొట్టంలో కట్టాడు. పాత కారు ఇంజను, టేకు బద్దలు, రెక్కలకు గుడ్డ. గుడ్డ బిగుసుకోవడానికి చింతగింజల గంజి పూసేవాడు. ఆ రుచి మరిగి మేకలు రెక్కలు నాకేవి. మా జేజికి, అంటే మా నాయనమ్మకు, ఈ పని మొదటినుంచీ గిట్టలేదు. "నువ్వు ఎగిరిన పొద్దు నేను తలెత్తి గూడా సూడను" అని కొడుకుతో తెగేసి చెప్పింది.

చెప్పినట్టే, ఊరంతా గట్ల మీద నిలబడి ఆకాశం చూస్తుంటే ఆమె కల్లంలో ముక్కాలిపీట ఎక్కి తూర్పారబడుతోంది. కొర్రలు ముందురోజే ఇల్లు చేరాయి. మిగిలిన వట్టి పొట్టునే మళ్లీ మళ్లీ గాలికి పోస్తోంది. చేటకు ఎత్తి అందించడం నా పని. ఎందుకని అడిగితే "నోరు మూసుకోని ఎత్తీయ్" అంది.

విమానం ఊరి మీద రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో ఇంజను దగ్గి ఆగిపోయింది. "సచ్చినాడప్పో!" అని ఎవరో అరిచారు. జనం తలో దిక్కుకు పరుగెత్తారు. నేను జేజి కొంగు పట్టి లాగాను.

"చెయ్యి ఆపొద్దు బిడ్డా! పైన వానికి గాలి యాడ తెలుస్తాది? ఈ పొట్టునే సూస్తాండాడు."

ముందురోజు అన్నం తింటూ చిన్నాయన ఆ మాటే అన్నాడట. గాలికి ఎదురుగా దిగితేనే విమానం నిలుస్తుందట. గాలివాటున దిగితే మా చేను చివరనున్న వంకలో పడటమే.

వంక వైపు జారుతున్న విమానం మెల్లగా తిరిగింది. పొట్టుకు ఎదురు వచ్చి, కోసిన జొన్నచేలో దిగి, ఎగిరెగిరి పడుతూ పోయి మా చొప్పవామిలో ముక్కు దూర్చింది. జేజి తలెత్తలేదు. పోస్తూనే ఉంది.

వామిలోంచి గొంతు వచ్చింది. "అమ్మా, సాల్లే, ఇంగ ఆపు!"

అప్పుడు ఆమె చేతిలోని చేట జారిపోయింది. పీట దిగి, ఒళ్లంతా చొప్పతో నవ్వుతూ వస్తున్న కొడుకును పైనుంచి కిందికి తడిమింది. "నోట్లో ముందుపల్లు యాడ పోయిందిరా?"

"పైన్నే యాడో ఉంటాది లేమ్మా."

"నేనేం సూల్లేదు. నా పని నేను చేసుకుంటాండా."

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నాకు నచ్చని పని మొదలుపెడితే వద్దని గట్టిగానే చెబుతాను. చెప్పాక, అవసరమైతే వాళ్లకు కనబడే చోట నిలబడతాను.

ఆ రోజు పోయినవి: రెండు చక్రాలు, ఎడమ రెక్క, సగం చొప్పవామి, జేజి దిగుతూ తానే తొక్కిన చేట, చిన్నాయన ముందుపన్ను. కుడి రెక్క బాగానే ఉండింది గానీ, సాయంత్రానికి దాన్ని మేకలు తినేశాయి.