మావ కోసం తెచ్చిన చెట్టెక్కే మిషను

పలాసలో టీ కప్పులు ఏటేటా చిన్నవైపోతున్నాయి. ఇప్పుడిచ్చే కాగితపు కప్పులో రెండు గుక్కలు పడతాయి. మొదటిది నాలుక కాలుస్తుంది, రెండోది ఉందో లేదో వంచి చూసుకోవాలి. ఆ రెండు గుక్కల మధ్యనే కొబ్బరిచెట్టు ఎక్కే మిషను కొనాలని నిర్ణయించుకున్నాను. కప్పు ఇంకాస్త పెద్దదయితే ఆలోచించడానికి సమయం దొరికేదేమో.

మిషను నాకు కాదు, మా మేనమామకు. వజ్రపుకొత్తూరు తోటల్లో ముప్పయ్యేళ్లు కాయ దింపిన మనిషి. కాళ్లకు తాడు బంధం, నడుముకు కత్తి, అంతే ఆయన సామగ్రి. ఎక్కే ముందు మానును అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, లోపల డొల్ల ఉందేమోనని చెవి ఆనించి వినేవాడు. ఇప్పుడు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. సూదుల కోసం ఎడమచేతి రక్తనాళాలు కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువు లేపకూడదు, చెట్టును కావలించుకోవడం అసలు కూడదు. చెట్టెక్కొద్దని డాక్టరు విడిగా చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఆయన అనుకుని ఉండడు. మళ్లీ ఒక్కసారి పైకి వెళ్లాలని మామ పట్టు. ఎనిమిది నెలలుగా చెట్ల కింద కూర్చుని, ఎక్కేవాళ్లకు వంకలు పెడుతున్నాడు.

మిషనులో కావలింత లేదు. రెండు ఇనప ఫ్రేములు, ఒక్కోదానికి ఒక పెడలు, మాను చుట్టూ తిరిగి కొక్కేనికి తగులుకునే తీగతాడు. పెడలు తొక్కితే తాడు బిగుస్తుంది, కాలు లేపితే వదులవుతుంది. ఒకదాని మీద నిలబడి రెండోదాన్ని జరుపుకుంటూ పోవడమే. ఆయనకు నేర్పాలని టెక్కలి దగ్గర రెండురోజుల శిక్షణకు వెళ్లాను. వృక్షశాస్త్రంలో డిగ్రీ ఉన్నవాణ్ణి. చెట్టు మీదికి వెళ్లడం మాత్రం అదే మొదలు.

ఆయన తోటలోనే డెమో. తుఫానుకు ఒరిగిన చెట్టును ఎంచుకున్నాను, పొట్టిగా కనిపించిందని. ఒరగడం వల్లే అలా కనిపించిందని ఎక్కాక తెలిసింది. నడుముకు బెల్టు, తలకు హెల్మెట్టు పెట్టుకుంటే అత్త చూసి, "బండేదిరా?" అంది.

ఇరవై అడుగుల దాకా బాగానే వెళ్లాను. అక్కడ మాను సన్నబడింది. కింద సరిపెట్టిన తాడు వదులై ఎడమ పెడలు కొద్దిగా జారింది. దిగిపోదామనుకున్నాను. ముందు కింది పెడలు తియ్యాలా, పైదా? ఏది పైది? చూస్తే రెండూ సమానంగా ఉన్నాయి. దిగడం రెండోరోజు మధ్యాహ్నం నేర్పారట. నేను పూండి రైలు అందుకోవాలని భోజనాలప్పుడే వచ్చేశాను.

"ఏటి సేత్తన్నావురా అక్కడ?" అన్నాడు మామ.

"ఆలోచిస్తున్నాను."

"సెట్టు మీద ఆలోసనేటి? దిగు."

"ఏ కాలు ముందో తెలియడం లేదు మావా."

"మిషనిచ్చినోడికి ఫోన్ సెయ్యరాదేటి?" అంది అత్త. ఫోను కింద మంచం మీద ఉంది.

ఆ మిషనును ఎన్నడూ ముట్టుకోని మామ లేచి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, నా పాదాలనే చూశాడు.

"కుడికాలు తొక్కిపట్టు. బరువంతా దాని మీదే ఎయ్యి. ఎడంకాలి మడం లేపు. తాడు వదిలిందా? ఇప్పుడు దాన్ని జానెడు దింపు. జానెడంటే జానెడేరా, బారెడు కాదు!"

జానెడు చొప్పున దిగాను. చాలా జానలు. నేల మీదికి వచ్చి హెల్మెట్టు తీశాను. లోపల మాత్రం సంతోషమే. ఆయనకు మిషను అర్థమైంది, నాకంటే బాగా. రేపే ఎక్కించవచ్చు.

"అంతా కాళ్లతోనే పని మావా, చూశావు కదా," అన్నాను.

మామ మానుకే ఉన్న కుడి ఫ్రేమును కుడిచేత్తో పట్టి పైకి జరిపాడు. తేలిగ్గా వెళ్లింది. ఎడమదాని దగ్గర ఆగాడు. దానికీ పైన ఒక పిడి ఉంది. ఫ్రేమును జరపాలంటే ఆ పిడి పట్టి లేపాల్సిందే. పైదాకా నేను ఎన్నిసార్లు లేపానో నాకే గుర్తు లేదు. ఆయన కుడిచేతిని అటు చాపి లేపబోయాడు. ఫ్రేము అడ్డం తిరిగి మానుకు ఇరుక్కుంది. ఎడమచెయ్యి పొట్టకు ఆనించుకునే ఉంది.

"దీనికి రెండు సేతులూ కావాల్రా," అన్నాడు. "రెండ్రోజులు నేర్సుకున్నావు, అది సూసుకోలేదేటి?"