నీళ్లు లేవని చెప్పడం నేర్పిన మనిషి

ప్రొద్దుటూరులో మా వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటూ బోరు వేయిస్తున్నారు. పొద్దున కిటికీ తీయగానే వేడి రాతిపొడి వాసన ముక్కుకు కొట్టింది. మా ఆయన తుమ్ముకుంటూ కిటికీ మూసేశారు. నేను మళ్లీ తీశాను. ఆ వాసన తగిలితే నాకు దానియేలన్న గుర్తుకొస్తాడు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు తప్ప ఒంటిమీద దుమ్ము లేకుండా ఆయన్ని నేను చూసిందే లేదు.

దానియేలన్నది జమ్మలమడుగు. రెండు బోరు బండ్లకు యజమాని. భూగర్భశాస్త్రం చదివి, ఎక్కడా ఉద్యోగం దొరక్క, ఆయన దగ్గర చేరాను. భూమిలోకి కరెంటు పంపి నీటిజాడ పట్టే మిషనుతో, బోరు ఎక్కడ వేయాలో పాయింటు పెట్టడం నా పని. నీళ్లెక్కడున్నాయో కనిపెడతామని అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో తిరిగేవాళ్లను చూసి నవ్వేదాన్ని. మొదటి నాలుగైదు బోర్లలో నీళ్లు పడేసరికి నా కాళ్లు నేలమీద నిలవలేదు.

కరువొస్తే బోరు బండ్లకు పండగ. అడుగుకింతని కూలి కాబట్టి, నీళ్లు పడకపోయినా లోతుకు పోయేకొద్దీ బండివాడికి లాభమే. రైతేమో ఇంకొక్క రాడ్డు దించమని తనే బతిమాలతాడు. ఇక ఆపమనే మనిషి ఆ చేలో ఎవరుంటారు? దానియేలన్న ఉండేవాడు. ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా పైకొచ్చిన పొడిని విడిగా కుప్ప పోయించి, ఆ కుప్పల్ని వరుసగా పెట్టించి, తడి ఉందేమో రైతునే ముట్టి చూడమనేవాడు. తోటి బండ్లవాళ్లు ఆయన్ని పిచ్చోడనేవాళ్లు. నిజం చెప్పొద్దూ, నేనూ లోలోపల అదే అనుకునేదాన్ని.

ఒక ఎండాకాలం పులివెందుల దగ్గర ఓబుల్‌రెడ్డి చీనీతోటలో, అదే బత్తాయితోటలో, పాయింటు పెట్టాను. కాపుకొచ్చిన తోట. పాత బోరు సన్నగా పోస్తోంది. కొత్తదాంట్లో నీళ్లు పడకపోతే వానలొచ్చేలోగా చెట్లన్నీ ఎండిపోతాయి. ఓబుల్‌రెడ్డి, ఆయన భార్య నారాయణమ్మ తెల్లవారక ముందు నుంచి బండి పక్కనే నిలబడి ఉన్నారు. నేను చెప్పిన లోతు దాటిపోయింది. కుప్ప మీద కుప్ప పడుతోంది, అన్నీ పొడిపొడిగానే. మధ్యలో ఒక్క కుప్ప మాత్రం నల్లటి బంకమన్ను.

"ఇంగ రెండు రాడ్లు దించప్పా, తగుల్తాయి," అన్నాడు ఓబుల్‌రెడ్డి.

"దించన్నా, నా మిషను తప్పు చెప్పదు," అన్నాను నేను.

దానియేలన్న బండి ఆపించాడు. నన్ను పక్కకు పిలిచి, ఆ నల్లకుప్పను కాలితో చూపించాడు. "మిషను ఏమీ చెప్పలేదు పాపా, నువ్వే చెప్తాండావు. నీ మాట నిలబడేదానికి ఆయప్ప చేను తొలచల్నా? పో, నీ నోటితోనే చెప్పు."

అప్పుడు వెలిగింది. మిషనుకు బంకమన్నూ నీళ్లూ ఒకే తీరుగా కనబడతాయి. చదువుకున్నదాన్ని, అది తెలిసి కూడా నాకు కావలసింది చూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. "అప్పా, పాయింటు తప్పు పెట్టినా. బంకమన్నును నీళ్లనుకున్నా. ఈడ నీళ్లు లేవు," అన్నాను. "సదువుకున్నదానివని నమ్మితిమి కదమ్మా!" అంటూ ఓబుల్‌రెడ్డి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. దానియేలన్న నన్ను వెనకేసుకు రాలేదు. అన్నీ నాచేతే తినిపించాడు.

తిట్లన్నీ అయిపోయేదాకా ఆగి, అప్పుడు దానియేలన్న నోరు విప్పాడు. "పాత బోరు ఉందిగదప్పా. అన్ని చెట్లకూ పారిస్తే అన్నీ పోతాయి. సగానికే పారిస్తే సగం మిగుల్తాయి," అన్నాడు. ఓబుల్‌రెడ్డి తల అడ్డంగా ఊపాడు. నారాయణమ్మ మాత్రం సున్నం బకెట్టు తెచ్చి, నీళ్లు పారించాల్సినవి ఇవేనని గుర్తుగా, పాత బోరుకు దగ్గరగా ఉన్న చెట్ల మొదళ్లకు పూసుకుంటూ పోయింది. ఒక వరుస దగ్గర ఆగి, "ఇవి మా అబ్బి పుట్టిన ఏడు నాటినవి," అంది. వాటికి సున్నం పూయకుండానే ముందుకు సాగింది. సాయంత్రం దాకా దానియేలన్న, నేను, బండి మనుషులు కలిసి డ్రిప్పు పైపులు మార్చాము. సగం తోట బతికింది.

దానియేలన్న పోయాక ఆ బండ్లు నేనే నడుపుతున్నాను. ఇప్పుడు నా దగ్గర పాయింటు పెట్టే పిల్లలకు మొదట నేర్పేది తిట్లు తినడమే. తప్పు దొరికిన చోటే ఒప్పుకుంటే తరవాత ఆపమని చెప్పే ధైర్యం వస్తుంది. మా వ్యాపారంలో నా బండ్లు నిలబడింది దాంతోనే, ఆ మాట గర్వంగానే అంటాను.

పోయిన నెల ఓబుల్‌రెడ్డి ఫోన్ చేశాడు. ఆ సంగతి జరిగాక ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ముద్దనూరు పక్కన కొడుకు భూమి కొంటున్నాడట. ఇప్పటికే ముగ్గురొచ్చి పాయింట్లు పెట్టిపోయారట.

"మరి నేనెందుకప్పా?" అన్నాను.

"ఆ ముగ్గురూ నీళ్లుండాయనే అన్యారమ్మా," అన్నాడు. "లేకపోతే లేవని చెప్పేదానికి ఒక మనిషి కావల్ల. నువ్వు రా."