చదవకుండా వదిలేసిన హెచ్చరిక

మా చెల్లి సైకాలజీ చదివి ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది. మనసులో మాట కనిపెట్టేస్తుందని చుట్టాలంతా దాని ముందు ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడతారు. నిజానికి దానికి బెండకాయ లేతదో ముదురుదో కూడా తెలియదు. కాకపోతే దాని ఎదురుగా కూర్చుంటే ఎవరికైనా నోరు విప్పాలనిపిస్తుంది. ఆ గుణమే దాని కొంప ముంచింది.

కంపెనీల్లో ఉద్యోగానికి వచ్చేవాళ్లను పరీక్షించి రిపోర్టు రాయడం దాని పని. మొదలుపెట్టే ముందు, “మీరు చెప్పేది కంపెనీకి తెలియజేస్తాం” అని చదివి వినిపించాలి. మొన్న క్రేను నడిపే ఉద్యోగానికి ఒక పెద్దాయన వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నాడు. మా చెల్లి మంచినీళ్లిచ్చి కబుర్లలో పెట్టింది, హెచ్చరిక మాత్రం చదవలేదు. భార్య పోయాక ఏడాదిపాటు నిద్రమాత్రలు మింగానని, ఇప్పుడు మానేశానని ఆయన చెప్పేశాడు.

రిపోర్టులో రాస్తే ఆయనకు ఉద్యోగం రాదు. దాచిపెడితే, రేపు క్రేను కింద ఎవరికైనా ఏమైనా అయితే? రెండు రోజులు కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. కంచం ముందు కూర్చోవడం, లేచిపోవడం. నాకు ఒళ్లు మండింది.

“చదవడం మర్చిపోయానని మేనేజరుకి చెప్పెయ్యవే, పీడా పోతుంది.”

“మర్చిపోలేదక్కా. చదివితే బిగుసుకుపోతాడని కావాలనే మానేశా.”



మూడోరోజు వెళ్లి ఆ మాటే మేనేజరుతో చెప్పింది. పెద్దాయన చెప్పిన సంగతి మాత్రం బయటపెట్టలేదు. మేనేజరు చిందులు తొక్కి, ఆ పరీక్ష రద్దుచేసి, వేరొకరితో మళ్లీ పెట్టిస్తానన్నాడు. పెద్దాయనకు కబురు చేసే పని దీని నెత్తినే పడింది. సాయంత్రం నా పక్కన కూర్చుని, ఫోను స్పీకరులో పెట్టి చేసింది.

“మీరు చెప్పింది ఎక్కడా రాయలేదండీ. మీరేం చెప్పినా కంపెనీకి తెలుస్తుందని నేను ముందే చెప్పాల్సింది. తప్పు నాదే. ఇంకొకసారి రావాలండీ, ఈసారి వేరేవాళ్లు ఉంటారు.”



“రాలేనమ్మా. ఆ మందుల సంగతి మా పిల్లలక్కూడా తెలీదు. నా కష్టం విని నీకు జాలేసింది అనుకున్నా. అదీ పరీక్షేనా?”

ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

“నిజంగానే జాలేసిందక్కా,” అంది చెల్లి, నా చెయ్యి పట్టుకుని. నేను నమ్మాను. కానీ నమ్మాల్సింది నేను కాదు.