ఎదురువరుస

నా సర్వీసు చివరి ఏడాది, మాఘమాసం ముగుస్తుండగా, ప్రొద్దుటూరుకు ఓబీ డ్యూటీ పడింది. స్టూడియో వదిలి బయటికి పోయి చేసే రికార్డింగును రేడియోలో ఓబీ అంటారు. అప్పటికి నేను అసిస్టెంట్ ఇంజినీరును. కార్యక్రమం మంచిచెడ్డలు ప్రోగ్రాం విభాగం చూసుకుంటుంది. అందులో వినపడే ప్రతి శబ్దానికీ జవాబుదారీ నాది. బయటివాళ్ల కంటికి మాత్రం వైర్లు మోసుకొచ్చే ఆవిడను. సర్వీసంతా ఆ చూపు పడ్డాను కాబట్టి బాధ పోయింది, కోపం కొంచెం మిగిలింది.

ఆర్డరులో జాజ్ బృందం, నలుగురు కళాకారులు, అరగంట అని ఉంది. జాజ్ మన కచేరీల్లోని మనోధర్మానికి దగ్గరిదే. ముందు ఒక పాట వాయించి, దాన్ని పట్టుకొని ఒక్కొక్కరు తమకు తోచింది అల్లుకుంటూ పోతారు. వీళ్లు ఆ ముందు పాటను కూడా వదిలేశారు. ఒకరు వాయించింది విని, దానికేం జవాబివ్వాలో రెండోవారు అక్కడికక్కడే తేల్చుకుంటారు. శాక్సఫోను, పియానో, డ్రమ్ములు, డబుల్ బేసు. ఈ చివరిది మనిషికన్నా ఎత్తు. నిలబడి ఒంటికి ఆనించుకొని వేళ్లతో మీటాలి. రిహార్సలుకు తీసుకున్న కల్యాణమండపం ముందు దాన్ని వ్యాన్లోంచి దింపుతుంటే ఆటో డ్రైవరొకడు ఆగి, "ఎంత పెద్ద పిడేలప్పా ఇది! వాయించేదానికి నిచ్చెన కావల్లనా?" అన్నాడు. అందరికన్నా ముందు నవ్వింది ఆ వాద్యం యజమానే.

అతని పేరు నాగేంద్ర. నలభై దాటినవాడు, బృందానికి నాయకుడు, కార్యక్రమాన్ని రూపుదిద్దింది కూడా అతనే. ఉండేది బెంగళూరు. పుట్టింది మాత్రం జమ్మలమడుగుకు ఎగువన పెన్న ఒడ్డున, గొర్రెలు కాచుకునే ఇంట్లో. ఆ ఊరు ఇప్పుడు రిజర్వాయరు నీళ్ల కింద ఉంది.

ఆ ఊళ్లో చెక్కభజన బాగా సాగేదట. రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడి, చేతుల్లో చెక్కలు తాటిస్తూ, అడుగులు వేస్తూ పాడతారు. గురువు చరణం ఎత్తుకుంటే ఎదురువరుస అందుకోవాలి. గురువు నాగేంద్ర పెద్దనాయన పుల్లన్న. ఎదురువరుసకు పెద్ద అతని తండ్రి నరసింహులు. ఊరు ఖాళీ చేసే రోజుల్లో అందరం ఒకే పునరావాస కాలనీకి పోదామని పుల్లన్న పట్టుబట్టాడు. కాలనీ చుట్టుపక్కల మేత లేదని నరసింహులు మందను తోలుకొని పులివెందుల దిక్కుకు పోయాడు. గొర్రెల కోసం ఊరిని ఇడిసినోడు అని అన్న అన్నాడు. నీళ్లలో పడినాక ఇంగ ఊరేంది అని తమ్ముడన్నాడు. అంతటితో మాటలు ఆగిపోయాయి.

పెన్న లోయ అంచున, గండికోటలో తాము నలుగురూ వాయిస్తుండగా ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పాడాలని నాగేంద్ర కోరిక. అతను రూపుదిద్దిన కార్యక్రమమంతా ఆ ఒక్క ఘట్టం చుట్టూ తిరుగుతుంది. ఇద్దరినీ బతిమాలి వచ్చాడు. ఇద్దరిదీ ఒకటే జవాబు: వాడొస్తే నేను రాను. అన్నదమ్ములని వేరే చెప్పాల్నా!

"మేడమ్, చిన్నప్పుడు భజన జరుగుతాంటే ఆ రెండు వరసల నడుమనే నిద్రపోయేవాణ్ణి. ఒక చెవిలో నాయన, ఒక చెవిలో పెద్దనాయన. అట్లాంటి నిద్ర మళ్లా పట్టలేదు" అన్నాడు నాతో. బెంగళూరులో ఇన్నేళ్లున్నా నాతో మాట్లాడేటప్పుడు అతని నోట్లోంచి ఊరే వచ్చేది.

ఉపాయం చెప్పింది నేనే. ఒక్కొక్కరి గొంతును వేరే వేరే ట్రాకుల్లో రికార్డు చేసి, తర్వాత ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే, వినేవాళ్లకు ఇద్దరూ ఒకే చోట నిలబడినట్టే ఉంటుంది. సినిమా పాటలన్నీ అట్లా తయారవుతున్నవే. నాగేంద్ర బేసు తీగ ఒకటి మీటి చూసుకున్నాడు. చివరికి, "సరే మేడమ్. ఒకరి గొంతు ఒకరు ఇంటే మనసు మారతాదేమో" అన్నాడు.

ముందు జమ్మలమడుగు దగ్గర పుల్లన్న ఉంటున్న కాలనీకి పోయాం. కొత్త సిమెంటు గోడలు గొంతును తిప్పికొడతాయి, అందుకని గదిలో చుట్టూ దుప్పట్లు వేలాడదీయించాను. ఫ్యాను, ఫ్రిజ్జు ఆపించాను. పుల్లన్న చరణం ఎత్తుకున్నాడు. వయసు మీదపడినా నిలకడ ఉన్న గొంతు. చరణం అయిపోగానే పాట ఆపి, చెక్కలు మాత్రం మెల్లగా తాటిస్తూ నిలబడ్డాడు. అంతసేపు గడిచాక రెండో చరణం. మళ్లీ అంతే. నేను ఆపి, జవాబు కూడా మీరే పాడండి, పనికొస్తుంది అన్నాను.

"అది నాది కాదమ్మా. ఎదురువరసది."

"మరి అంతసేపు మీరు ఊరికే ఉంటే ఎట్లా?"

"ఊరికే యాడుండా? జవాబు ఇంటాండా గదా!"

ఎదురుగా దుప్పటి కట్టిన గోడ తప్ప ఏమీ లేదు. నేను మళ్లీ రికార్డింగు మొదలుపెట్టాను.

పులివెందులలో గొర్రెలు మేతకు పోయేదాకా ఆగి, నరసింహులుకు హెడ్‌ఫోన్లు పెట్టాం. అన్న పాడిన చరణం వినిపిస్తే, అయిపోగానే ఆయన అందుకోవాలి. మొదటిసారి అందుకోలేదు. హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకొని, "ఆయనకు దగ్గేమన్నా పట్టిందామ్మా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. "శ్రుతి శానా దిగింది. నేను పాత శ్రుతిలో ఎత్తుకుంటే అన్న గొంతు చిన్నబోతాది" అని, తాను కూడా కిందికి దిగి పాడాడు. ఆ స్థాయి ఆయన గొంతుకు సరిపడదు. మీటరులో ముల్లు సగానికి పడిపోయింది. నేను మైకు గెయిను పెంచి ఆ గొంతును పట్టుకోవలసి వచ్చింది. నాగేంద్ర మాత్రం ముఖం అటు తిప్పుకొని నిలబడ్డాడు.

మర్నాడు గండికోటలో బృందం రికార్డింగు. లోయలోంచి గాలి కొడుతుంది కాబట్టి మైకులన్నిటికీ స్పాంజి తొడుగులు వేశాను. నలుగురి చెవుల్లోనూ అన్నదమ్ముల గొంతులు. పుల్లన్న చరణాన్ని బేసు కింద నుంచి మోస్తూ వచ్చింది. డ్రమ్ముల మనిషి కర్రలు వదిలి వేళ్లతో చెక్కల దెబ్బను అందుకున్నాడు. నరసింహులు జవాబు వచ్చేసరికి శాక్సఫోను తనంతట తాను తగ్గిపోయి దారిచ్చింది. నేను పుట్టిన ఊరు ఎక్కడికీ పోలేదు, బస్సెక్కితే పూటలో చేరుకుంటాను. అయినా ఆ పొద్దు మీటర్ల ముందు కూర్చొని ఎవరికోసమో చెప్పలేనంత బెంగపడ్డాను.

ప్రసారానికి ముందు కళాకారులకు వినిపించి సమ్మతి తీసుకోవడం పద్ధతి. నాగేంద్ర, నేను జీపులో జమ్మలమడుగు పోయాం. ఈ సమ్మతి కాగితాల వెనక అతని ఆశ వేరే ఉందని డ్రైవరుకు కూడా తెలుసు. పులివెందులకు సరిపడా డీజిలు పోయించుకొని వచ్చాడు.

పుల్లన్న హెడ్‌ఫోన్లు పెట్టుకొని, మంచం మీద కూర్చొని విన్నాడు. తమ్ముడి గొంతు రాగానే లేచి నిలబడ్డాడు. అడుగులు పడటం మొదలైంది. ముందుకు రెండు, వెనక్కి ఒకటి. అయిపోయాక మళ్లీ పెట్టమన్నాడు. రెండోసారి కూడా నిలబడే విన్నాడు. నాగేంద్ర ముఖం వెలిగిపోయింది.

"పెద్దనాయనా, జీపు బయటే ఉండాది. పా, పులివెందులకు పోదాం. నాయన ఇంటికాడనే ఉంటాడు."

ఆయన హెడ్‌ఫోన్లు తీసి, పైగుడ్డతో తుడిచి, జాగ్రత్తగా నా చేతికిచ్చాడు. "ఎందుకులేరా ఇంగ? దీంట్లో ఇద్దరం బాగుండాం. అట్లే ఉండనీ."

నాగేంద్ర ఎంత చెప్పినా కదలలేదు. కోపంగా ఉంటే మళ్లీ అడగవచ్చు. ఆయన సంతోషంగా ఉన్నాడు. పులివెందులలోనూ అంతే. నరసింహులు ఆ పాటను ఫోన్లో పెట్టించుకున్నాడు. ఆ తర్వాత నుంచి మంద వెంట పోతూ అన్న చరణానికి జవాబు పాడుకుంటున్నాడట. జమ్మలమడుగుకు రమ్మని నాగేంద్ర మళ్లీ అడిగితే, "దినామూ అన్నతోనే పాడతాండా, ఇంగేం కావల్ల?" అన్నాడట.

కార్యక్రమం ప్రసారమైంది, పై ఆఫీసు మెచ్చుకుంది. నాగేంద్ర ఫోన్ చేసి, రికార్డు బాగా వచ్చింది మేడమ్ అన్నాడు. అంతే, ఫోన్ పెట్టేశాడు.

నేను నేర్చుకున్నది ఇది. కళాకారులు ఒకచోట చేరకపోతే పని ఆగిపోతుందని వెనకటికి ఒక భయం ఉండేది. ఆ భయంతోనే ఎవరో ఒకరు మెట్టు దిగేవారు. ట్రాకులు వచ్చాక ఎవరూ దిగనక్కరలేదు, పని జరిగిపోతుంది. ఇప్పుడు కొత్త ఇంజినీర్లు ఎవరైనా అడిగితే, ముందు ఒక్క మైకే పెట్టి ఇద్దరూ వచ్చేదాకా ఆగమని చెబుతాను. రాకపోతే రెండోది ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఆ రెండు గొంతులూ కలిసిన రికార్డు మా కేంద్రంలో ఉంది, పుల్లన్న దగ్గరా నరసింహులు దగ్గరా ఉంది. ఆ ఇద్దరూ మాత్రం ఇప్పటిదాకా కలుసుకోలేదు.