ఏమీ రాని చక్రం

2018 వేసవి. పోచంపల్లి బస్సులు ఆగే ఒక చిన్న పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్టును. ఆ పేరు బోర్డులో పూర్తిగా పట్టక చివరి అక్షరాలు గోడ మీదికి దిగాయి. రోగులు అంత కష్టపడరు. 'మాలిష్ సారు' అంటారు. రోజంతా ఊరందరి భుజాలు పట్టడమే నా పని. నా భుజం తట్టినవాళ్లు మాత్రం లేరు.

ఆ ఎండల్లోనే పద్మమ్మ వచ్చింది. యాభై దాటిన నేత ఇల్లాలు, ఆసు పోసేది. ఆసు అంటే నేతకు ముందు పట్టుపోగును ఒక మేకు నుంచి, ఎదురుగా నెలవంకలా పేర్చిన మేకుల మీదికి చేత్తో చుట్టడం. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోవాలి. పెళ్లైన నాటి నుంచీ అలా తిరిగిన కుడి చెయ్యి ఒకరోజు ఇక లేవనన్నది. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోతుంది. మాటకు మాట తెలుగు చేస్తే గడ్డకట్టిన భుజం. మా నల్లగొండ ఎండలో గడ్డకట్టేది అదొక్కటే.

"ఆసు సంగతి తర్వాత సారూ, నా జడ నేను ఏసుకోలేకపోతున్న. కోడలి ముంగట తల వంచుకొని కూసోవాలె. గా పిల్ల పగబట్టినట్టు గుంజుతది."

"వ్యాయామం చేస్తే తగ్గుతుందక్కా. మానేస్తే ఇలాగే ఉండిపోవచ్చు."

"సూదిమందు లేదా?"

"నా దగ్గర లేదు."

"మరి నువ్వెందుకున్నవ్?"

ఈ ప్రశ్నకు జవాబు నేనూ వెతుకుతున్నాను.

మా గదిలో షోల్డర్ వీల్ ఉంది. గోడకు బిగించిన పెద్ద ఇనుప చక్రం. పిడి పట్టుకుని తిప్పుతూ ఉంటే భుజం మెల్లగా వదులవుతుంది. పద్మమ్మ రెండు చుట్లు తిప్పి, ఆగి, చక్రం వెనక్కి తొంగి చూసింది.

"దీని ఎనుక ఏమున్నది?"

"గోడ."

"తిప్పితే ఏమొస్తది?"

"ఏమీ రాదు. చెయ్యి లేస్తుంది."

"ఉత్త రాట్నం తిప్పితే మా అత్త చేతి మీద కొట్టేది. ఏం రానిదాన్ని తిప్పుడేంది సారూ, పిచ్చోళ్ల లెక్క?"

రోజూ ఇదే తగువు. కీలు, పొర, కండరం అంటూ బొమ్మ గీసి చెప్పాను. బొమ్మ బాగుందంది. చక్రం జోలికి మాత్రం పోలేదు. బస్సెక్కి వచ్చి, బెంచీ మీద కాసేపు కూర్చుని, నా మీద జాలిపడి వెళ్లిపోయేది.

ఒకరోజు నేను వార్డు నుంచి వచ్చేసరికి చక్రం గిరగిరా తిరుగుతోంది. ఆ సంతోషం దగ్గరికి పోయేదాకానే. చువ్వల నిండా ఎర్ర నూలు! సంచిలో తెచ్చుకుని చుడుతోంది. నేను నోరు తెరిచేలోపే నూలు ఇరుసులోకి దిగి చక్రం ఠక్కున ఆగింది. పిడి మీదున్న చెయ్యి గుంజుకుపోయి ఆమె కేక పెట్టింది.

ఉద్యోగంలో మొదటిసారి రోగి మీద అరిచాను. "అక్కా, ఇది దవాఖాన! మీ ఇంటి వసారా కాదు! ఉన్న కాస్త భుజమూ పోతే ఏం చేస్తావు?"

"ఉత్తగ తిప్పబుద్ధి కాలే సారూ," అంది కళ్లనీళ్లతో.

ఆ మధ్యాహ్నమంతా నేనూ, మా అటెండరు యాదగిరీ ఇరుసులోంచి ఎర్ర పోగులు పీకుతూ కూర్చున్నాం. "గింత చదువు చదివింది గిందుకేనా సారూ?" అన్నాడతను, ఎంతో మర్యాదగా.

చాలా రోజులు పద్మమ్మ రాలేదు. వచ్చిన రోజు చేతిలో సంచి లేదు. "కోడలు తల్లిగారింటికి పోయింది. జడ ఏసేటోళ్లు లేరు," అని నేరుగా చక్రం పట్టుకుంది. మొదట్లో దాన్ని తిడుతూ తిప్పేది. తర్వాత మాట లేకుండా తిప్పేది. కొన్ని వారాలకు కళ్లు మూసుకుని తిప్పడం మొదలుపెట్టింది.

ఒక ఉదయం వంకర జడతో వచ్చింది. ఒక పాయ పూర్తిగా బయటే వేలాడుతోంది. "నేనే ఏసుకున్న," అంది. ఇంతకు మించిన సన్మానం మా వృత్తిలో ఉండదు. "తగ్గిపోయిందక్కా, ఇక రానక్కర్లేదు," అన్నాను గర్వంగా.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. భుజం పట్టేసి వరుసలో నిలబడ్డ ఒక పెద్దమనిషి నన్ను కొరకొరా చూస్తున్నాడు.

"తగ్గిందని చెప్పాను కదా! ఇంకా ఎందుకు తిప్పుతున్నావు? ఏం రానిదాన్ని తిప్పుడేందని నువ్వే అంటివి!"

ఆమె చక్రం ఆపలేదు. "రాదు సారూ. గందుకే. ఆసు పోస్తే పోగు మగ్గానికి పోతది, చీర సావుకారికి పోతది, కట్టుకునేది ఎవ్వలో. ఇంట్ల చెయ్యి కదిలిందంటే ఎవ్వలకో ఏదో అందాలె. గిది ఎటూ పోదు, ఎవ్వలూ అడుగరు. గీ జరసేపు నా చెయ్యి నాది."

"ఆయన ఎదురుచూస్తున్నాడక్కా."

అప్పుడు పిడి వదిలి పెద్దమనిషికి దారిచ్చింది. "ఎనుక ఏం లేదు పెద్దనాయినా. ఎతుక్కోకుంట తిప్పు."

నేను బాగుచేసిన భుజాలు మళ్లీ అదే పనికి పోయి, అదే నొప్పితో నా దగ్గరికే వస్తాయి. ఈ తిరుగుడుకు అర్థమేమిటని విసుక్కునేవాణ్ణి. ఆ విసుగు ఇప్పటికీ పోలేదు. పద్మమ్మ కూడా ఆసుకే తిరిగి వెళ్లింది. కాకపోతే "ఏమొస్తది సారూ?" అని కొత్తవాళ్లు అడిగితే ఇప్పుడు బొమ్మలు గీయను. "ఏమీ రాదు, తిప్పండి," అంటాను. గది ఖాళీగా ఉన్నప్పుడు నేనూ తిప్పుతాను.

మొన్న యాదగిరి కంటపడ్డాను.

"మీ భుజానికేమైంది సారూ?"

"ఏం కాలేదు."

"మరి?"

"జరసేపు ఆగు యాదగిరీ, వస్తున్నా."